ఉపమానము తెలియని బిళ్ళ

న్యూఢిల్లీ, కోట్లా రోడ్డు, ఎఫ్.డి.ఎ. భవనమున కొలువుదీరిన భారత ఆహార భద్రతా ప్రమాణముల ప్రాధికార సంస్థ అధ్యక్షులవారి దివ్యసముఖమునకు, కర్ణాటక రాష్ట్రము, రాయచూరు జిల్లా, సిరవార వాస్తవ్యుడును, చిన్ననాటినుండి తీపిబిళ్ళల భోక్తయును, ఇటీవల వాటి విమర్శకుడును అయిన ఒకానొక తెలుగువాడు నమస్కారపూర్వకముగా వ్రాసికొను బహిరంగ లేఖ.

ఆర్యా,

సిరవార యెక్కడిదని తమ కార్యాలయమున ఎవరైనను ప్రశ్నించినచో, రాయచూరునుండి లింగసుగూరు పోవు త్రోవలోని ఊరనియు, నిన్నమొన్నటివరకు మాన్వి తాలూకాలో ఒదిగియుండి ఇటీవలనే తానును తాలూకా కేంద్రమను గౌరవము పొందినదనియు సెలవీయుడు. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఈ సీమ హైదరాబాదు రాష్ట్రమున నుండెను. 1953లో తుంగభద్రకు ఆనకట్ట పూర్తియై, అటుపిమ్మట ఎడమకాలువ నీరు ఈ వైపునకు దిగినంతట, కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చి నల్లరేగళ్ళను వరిమళ్ళు గావించి క్యాంపులను పేర ఊళ్ళు కట్టుకొనిరి. ఆ కారణమున మా అంగళ్ళలో బేరము కన్నడమున మొదలై, తెలుగున సాగి, ఉర్దూలో తెగుట సర్వసామాన్యము. ఈ భాషల ప్రసక్తితో తీపిబిళ్ళలకేమి సంబంధమని తొందరపడవలదు. సంబంధము ముందు తేటపడగలదు.

ఇప్పుడు ఫిర్యాదునకు కారణభూతమైన వస్తువును గూర్చి. దానిని నేను కొనలేదు. అది నాకు చెల్లింపబడినది. కిరాణా అంగడిలో మూడు రూపాయల చిల్లర రావలసియుండగా, యజమాని మర్యాదగా "చిల్లర లేదు సార్, చాక్లెట్లు తీసుకోండి" అని మూడు బిళ్ళలు చేత బెట్టెను. భారత ప్రభుత్వపు ముద్రలేని ఈ నాణెము దేశమంతట చలామణి యగుచున్న సంగతి తమరెరిగినదే. ఒకటి పచ్చనిది, ఒకటి లేత పసుపు, మరొకటి ఎర్రనిది. చుట్టుకాగితముల మీది ఆంగ్లాక్షరములను కూడబలుకుకొనగా వరుసగా మొహీటో, పీనా కొలాడా, స్ట్రాబెర్రీ డైకిరి అని తేలెను. ఇవి ఏమి పండ్లని అడుగగా అంగడివాడు నవ్వి, "పండ్లు కావు సార్, కాక్‌టెయిల్ ఫ్లేవరు. పిల్లలు ఇవే అడుగుతున్నారు" అనెను. తయారించినవారి పేరు ఇందు వ్రాయుట లేదు. నా వ్యాజ్యము ఒక కంపెనీతో గాక ఒక అలంకారముతో.

విమర్శకధర్మము ననుసరించి మూడింటిని వేరువేరుగ ఆస్వాదించితిని. పచ్చనిది నాలుకను తాకినంతనే నిమ్మపులుపు చురుక్కుమనును. అది తగ్గులోపల పుదీనా చలువ గొంతువరకు ప్రాకును. ఆపైన మిగులునది చక్కెర. మూడింటిలో ఇదియే మెరుగు. జలుబు చేసిననాడు మరల పుచ్చుకొనుటకు నాకభ్యంతరము లేదు. పసుపుదానిలో అనాసపండు వాసన ఘాటుగనే యున్నది గాని, దాని వెంట వచ్చు కొబ్బరి, కొబ్బరికాయలోని కొబ్బరి కాదు. తలంటి పోసికొనువేళ చెంపమీదుగా జారి పెదవినంటు నూనెవలె నుండెను. ఎర్రదానిని గూర్చి తీర్పు చెప్పజాలను. స్ట్రాబెర్రీ యనునది మాకు పండుగా గాక ఐస్‌క్రీము రంగుగా మాత్రమే పరిచితము గనుక, ఆ రంగు నాలుకకు బాగుగ అంటినదని చెప్పి ఊరకుందును.

ఈ పేళ్ళ వంశావళిని కూడ విచారించితిని. మొహీటో క్యూబా ద్వీపపు పానీయము: తెల్ల రమ్ము, నిమ్మరసము, చక్కెర, పుదీనా, సోడా. డైకిరి ఆ ద్వీపముననే సాంటియాగో నగర సమీపమందలి ఒక పల్లె పేరు. పీనా కొలాడా ప్యూర్టోరికోది. 1954లో తమ హోటలులోనే పుట్టినదని శాన్ హువాన్‌లోని కరీబ్ హిల్టన్ వారు చెప్పుకొందురు. 1978లో ఆ ద్వీప ప్రభుత్వము దానిని తమ అధికార పానీయముగా ప్రకటించెను. తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన మరుసటి యేడు ఎక్కడనో సముద్రమధ్యమున అనాసరసమును, కొబ్బరిపాలను, రమ్మును కలిపిన ఆ మహానుభావుడు, తన సృష్టి సిరవారలో మూడవవంతు చిల్లరగా చెల్లునని ఊహించియుండడు.

బిళ్ళలో మద్యము కలదాయని తమరు కలవరపడనక్కరలేదు. చక్కెరను, గ్లూకోజు పాకమును కలిపి నూటనలువది డిగ్రీల సెంటిగ్రేడు దాటువరకు కాచి, తేమను నూటికి రెండుమూడు పాళ్ళకు దింపినగాని ఇట్టి గట్టిబిళ్ళ కుదురదు. ఆల్కహాలు డెబ్బదియెనిమిది డిగ్రీలకే మరిగి ఆవిరియగును. పాకము కొంత చల్లారిన పిమ్మట పులుపునకు సిట్రికామ్లము, వాసనకు చుక్కలు, చూపునకు రంగు కలుపుదురు. అనాసపండు వాసననిచ్చు ఈథైల్ బ్యుటిరేటునకు అనాసతోటతో గాని, కొబ్బరివాసననిచ్చు నోనలాక్టోనునకు కోనసీమతో గాని బంధుత్వముండి తీరవలెనను నియమము లేదు. కావున ఇందు మద్యము లేదు, పండును లేదు. లేని రెండింటి పేరిట ఉన్న ఒక్క చక్కెర అమ్ముడుపోవుచున్నది.

ఇందులో వింతయేమి, మీ చిన్ననాటి నిమ్మతొన బిళ్ళలలో నిమ్మకాయ యుండెనా యని తమరు నన్నే నిలదీయవచ్చును. ఉండలేదు. 1929లో బొంబాయి శివారున పార్లేవారు నారింజబిళ్ళలతో వ్యాపార మారంభించినప్పుడును, 1952లో మన చిత్తూరున న్యూట్రిన్ వెలసి తెలుగుపిల్లల జేబులను తీపిచేసినప్పుడును, బిళ్ళ పండునకు అనుకరణమే గాని పండు కాదు. కాని నిమ్మతొనను చప్పరించు బాలుడు నిమ్మకాయ నెరుగును. ఇంటిలో ఊరగాయ జాడీ యున్నది, ఎండవేళ మజ్జిగలో పిండినది తాగియున్నాడు. బిళ్ళ అబద్ధమాడినచో పట్టగలడు. ఉపమానము లోకప్రసిద్ధమై యుండవలెనని ఆలంకారికులు శాసించుటకు కారణమిదియే గదా. చంద్రుని చూడనివానితో చంద్రముఖి యన్న ప్రయోజనమేమి? ఈ కొత్తబిళ్ళలో ఉపమేయము నోటిలో కరగుచున్నది, ఉపమానము కరీబియను సముద్రమున నున్నది. మా ఊర తాగువారికి లోటులేదు. కాని బ్రాందీ, విస్కీ, బీరు తప్ప వారి నిఘంటువున వేరు పదము లేదు. మొహీటో బిళ్ళ మొహీటోవలె నున్నదా యని సాక్ష్యమిచ్చుటకు తాలూకా అంతటను గాలించినను ఒక్కడు దొరకునా యని సందేహము. కొలబద్ద లేనిచోట ఏ గుడ్డయైనను గజమే.

ఇంతటితో ఆగినచో దీనిని దుష్టోపమ యని నవ్వి విడిచెడివాడను. కాని ఆలంకారికులు ప్రతీపమను మరియొక అలంకారమును చెప్పిరి. అందు ఉపమానోపమేయములు తారుమారగును. ముఖము చంద్రునివలె నుండుటకు మారుగా చంద్రుడే ముఖమువలె నుండును. నేడు ఈ బిళ్ళ కొరకు మారాముచేయు యేడేండ్ల బిడ్డ, పెరిగి పెద్దదై చదువునకో ఉద్యోగమునకో బెంగుళూరు, హైదరాబాదు చేరి, ఒకనాటి సాయంత్రము స్నేహితుల నడుమ అసలు మొహీటోను మొదటిసారి రుచిచూచి, "ఓహో, మా ఊరి చాక్లెట్‌లాగే ఉందే!" యనును. అపరిచితమైనదానిపట్ల మనిషికి సహజముగా నుండు జంకు, ఆ గ్లాసు ముందర ఆమెకుండదు. అది ఏనాడో ఒక్కొక్క రూపాయి చొప్పున తీరిపోయినది. కొనకు ఎర్రరంగు పూసిన తెల్లని చక్కెరపుల్లలను వేళ్ళనడుమ బట్టుకొని పొగ వదలినట్లు అభినయించిన తరము మాది. ఆ విద్య మాలో కొందరికెంత చక్కగ నొంటబట్టినదో మా వైద్యులెరుగుదురు.

మద్యపు కంపెనీలు సోడా పేరిట, సంగీతపు సీడీల పేరిట తమ పేళ్ళను చాటుకొనుచుండగా, తుదకు 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థవారు అట్టి మారుప్రకటనలను నిషేధింపవలసి వచ్చెను. అచ్చట మద్యము అమాయకవస్తువు వెనుక దాగెను. ఇచ్చట అమాయకవస్తువు మద్యము వెనుక నిలిచి చేయూపుచున్నది. మొదటిదానికి శాసనమున్నది. రెండవదానికి ఏ గుమాస్తా బల్లపైనను దస్త్రము తెరచినట్లు నాకు తోచదు.

తమ సంస్థ అజాగ్రత్త గలదని నేననను. అనుమతించిన కృత్రిమవర్ణములు పదిలక్షల పాళ్ళకు నూటిని మించరాదనిరి. ఆల్కహాలు నూటికి అరపాలు మించినగాని మద్యపానీయము గాదని గీతగీసిరి. 2024 జూన్‌లో నూటికి నూరుపాళ్ళు పండ్లరసమను మాటను డబ్బాలపైనుండి తుడిచివేయించిరి. 2025 అక్టోబరులో ఓఆర్‌ఎస్ అను మాటను తీపినీళ్ళ సీసాలనుండి ఊడబెరికించిరి. పేరునకు ప్రాణమున్నదని తమరికి తెలిసినట్టు వేరెవ్వరికి తెలియదు. కాని తమ లేబులు నిబంధనలలోనే ఒక చిన్న కిటికీ యున్నది. చుట్టుకాగితపు వైశాల్యము నూరు చదరపు సెంటీమీటర్లకు మించనిచో పదార్థముల పట్టిక దానిపై నక్కరలేదు. పెద్ద పొట్లముపై నున్న చాలును. రూపాయి బిళ్ళ కాగితము ఆ కొలతకు ఎన్నడు నెక్కదు. ఇక ఆ పెద్ద పొట్లమున కేమగును? అంగడివాడు కత్తెరతో దాని మూతి కోసి, బిళ్ళలను ప్లాస్టికు డబ్బాలో బోసి, పొట్లమును చెత్తబుట్టలో వేయును. తమ శాస్త్రజ్ఞులు శ్రమించి వ్రాయించిన విజ్ఞానమంతయు, చదువరి చేతికి రాకమునుపే చెత్తబండి యెక్కును. పోనిండు, ఎవడైనను దానిని ఏరి తెచ్చినను, ఆంగ్లముననో దేవనాగరిలోని హిందీలోనో యున్న చాలునని తమ నిబంధన. మా బేరములు నడచు మూడు భాషలలో ఏదియు అందు లేదు. బిడ్డకు చదువవచ్చిన అక్షరములలో బిళ్ళనుగూర్చి ఒక్క ముక్కయు లేదు; బిడ్డ యెన్నడును ఎరుగని పానీయపు పేరు మాత్రము కాగితము నడుమ మెరయుచున్నది.

మేము పిరికివారము గామని కూడ మనవిచేసికొనుచున్నాను. ఈ జిల్లాలో సి.హెచ్. పౌడరను ముద్దుపేరుగల క్లోరల్ హైడ్రేటును కలిపిన కల్తీసేంది ఎన్ని సంసారములను కూల్చినదో పోలీసు ఠాణాలు చెప్పగలవు. 2007 జూలై 1న ఈ రాష్ట్రము సారాను నిషేధించెను. 2024 మార్చిలో గోబీమంచూరియా, పీచుమిఠాయిలలో రొడమిన్-బి రంగు వాడరాదని శాసించెను. నిజమైన విషమెట్టిదో మా కెరుకే. దాని ప్రక్కన ఈ బిళ్ళ పసిపాప. కావున నిషేధమును కోరుట లేదు. నిషేధించిన వస్తువునకు ఈ దేశమున వచ్చు గిరాకి యెట్టిదో తమకు వేరుగ చెప్పవలెనా?

నా ప్రార్థనలు రెండే. బిళ్ళలున్న డబ్బా మీదనే, ఆ యూరివారు చదువగల లిపిలో, ఇందు పండు లేదు, మద్యమును లేదు అని చేతివెడల్పు చీటీ అంటింపవలెనని యొకటి. పానీయముల రుచిని బిళ్ళగా పోతపోయవలెనను తపన కంపెనీలకు అంతగా నున్నచో, ఉపమానము మా యిళ్ళలోనే కలదని వారికి తెలియజేయవలెనని రెండవది. శ్రీరామనవమినాడు వీధివీధిన పంచు పానకమున బెల్లము, మిరియములు, ఏలకులు, శొంఠి కలియును. కాక్‌టెయిల్ అనదగిన సమ్మేళనము అంతకన్న ఏమున్నది? దానికి ప్రమాణములు నిర్ణయింప తమ శాస్త్రీయ సంఘమువారు పూనుకొన్నచో, చైత్రమాసమున ఇచ్చటికే విచ్చేయుడని ఆహ్వానము. అయితే మిరియములను కచ్చాపచ్చాగ దంచి వేయవలెనా, మెత్తని పొడిచేసి వేయవలెనా యను విషయమున మా వీధిలోనే రెండు కక్షలు గలవు గనుక, ఉపసంఘమున ఇరుపక్షములకును సమానముగ స్థానములు కేటాయింప ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
సిరవార వాస్తవ్యుడు