నొక్కుడు శాస్త్రం

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ అయిన మర్నాడు మెట్రో స్టేషన్‌కి వెళ్లి చూడండి, పరిగెత్తొచ్చినవాళ్లని ఇట్టే గుర్తుపట్టొచ్చు. మెట్లెక్కేటప్పుడు అందరిలాంటి మనుషులే. దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకుని పీతల్లా పక్కవాటుగా దిగుతారు. ఇదంతా పరుగు దారిలో వచ్చే మన ఫ్లైఓవర్ల పుణ్యం. ఎక్కుతుంటే ఆయాసం, అది అప్పుడే తెలుస్తుంది. దిగుతుంటే తొడ కండరం సాగుతూనే బ్రేకు వెయ్యాలి, ఆ పెనుగులాటలో పోగులు సన్నగా చిట్లుతాయి. ఆ నొప్పి మర్నాడు మొదలై ఎల్లుండికి ముదురుతుంది.

అలాంటి తొడలేసుకుని స్పోర్ట్స్ మసాజ్ బల్ల మీద బోర్లా పడుకున్నాను. ముఖం దూర్చడానికి బల్లకో కన్నం. అందులోంచి కనిపించే ప్రపంచం ఇంతే: రెండు టైల్సు, ఓ నూనె మరక, మసాజ్ కుర్రాడి రబ్బరు చెప్పులు. ఆ చెప్పుల మడమలు లేచాయంటే పైనుంచి మోచెయ్యి దిగబోతోందని లెక్క.

"ప్రెషర్ సరిపోయిందా సార్?"

దీనికి నిజం చెప్పిన మగాడు ఇంకా పుట్టలేదు. అందులోనూ పక్క బల్ల మీద అరవై దాటిన ఓ పెద్దావిడ "ఇంకాస్త గట్టిగా నాయనా" అంటోంది. "బానే ఉంది బాబూ" అన్నాను, కన్నంలోకి. పాతబస్తీ తాలీముల్లో పహిల్వాన్లు ఒకరికొకరు మాలిష్ చేసుకునేటప్పుడు ఈ మొహమాటం ప్రశ్నలుండవు, అదో సుఖం.

"లాక్టిక్ యాసిడ్ బాగా పేరుకుపోయింది సార్, పిండేస్తా."

పాపం లాక్టిక్ యాసిడ్! పరుగాగిన గంటా గంటన్నరలో దాని దారిన అది పోతుంది, ఒళ్లే దాన్ని ఇంధనంగా వాడేసుకుంటుంది. రెండోరోజు నొప్పితో దానికేం సంబంధం? అయినా కేసు ఎప్పుడూ దానిమీదే. పరిశోధనలన్నీ కూడేసి చూసినవాళ్లు చెప్పేది వేరు: మసాజ్‌తో వేగమూ బలమూ పెరిగిన దాఖలాల్లేవు, ఒళ్లునొప్పి మాత్రం కాస్త తగ్గుతుంది.

"ఆ కాస్తకి ఇంత డబ్బా?" అంది మా ఆవిడ, ఇంటికెళ్లి ఇదంతా చెబితే.

2016 రియో ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్ ఒంటినిండా కప్పింగ్ మచ్చలతో, అంటే కప్పులు పెట్టి చర్మాన్ని పీల్చిన గుర్తులతో దిగి 5 స్వర్ణాలు కొట్టాడని చెప్పాను.

"అంతకుముందు 18 కొట్టాడుగా, అప్పుడీ మచ్చలెక్కడివి?"

పేపర్ చదివే భార్యతో వచ్చే చిక్కే ఇది.

వచ్చేవారానికి మళ్లీ టైం తీసుకున్నాను. ఈసారి మోచెయ్యి వద్దని ఖచ్చితంగా చెప్పాలి. ఆ పెద్దావిడ రాని పూట చూసుకుని.