నాయన వాక్యానికి టీక

మూలం: "ఏం రా, ఆడపిల్ల మాదిరి ఆ ఎంటికలేంది? పొద్దుగూకేలోపల కొట్టిచ్చుకోని రాకుంటే ఇంట్లో కూడు ల్యా!"

అవతారిక: కడప జిల్లా వేముల మండలమందలి తుమ్మలపల్లె యురేనియం గనిచే ప్రసిద్ధము. ఆ గనిలో పగటి షిఫ్టు దిగి ఇల్లు చేరిన ఒకానొక నాయన, అద్దము ముందు దువ్వెనతో నిలిచిన పదహారేండ్ల కొడుకును జూచి పలికిన వాక్యమిది.

టీక: ఏం రా = ఓ కుమారుడా (ప్రశ్నవలె దోచును; జవాబు చెప్పినవాడు చెడును); ఆడపిల్ల మాదిరి = బాలికవలె (ఉపమాలంకారము; చెవిమీద పడిన నాలుగు వేళ్ల జుట్టే సమానధర్మము); ఎంటికలేంది = ఆ వెంట్రుకలేమి? (ఇచట 'నలుగురు జూస్తే' అని అధ్యాహారము చేసికొనవలెను. అది లేక అన్వయము కుదరదు); కొట్టిచ్చుకోని = కత్తిరింపించుకొని; కూడు ల్యా = అన్నము లేదు (ఇది వాచ్యార్థము. అమ్మ ఉట్టిలో దాచిన సంగటి ముద్ద వ్యంగ్యము).

తాత్పర్యం: క్రాపు చేయించుకొనక గడప తొక్కకుము.

దోషం: ఆనాడు మంగళవారము. కటింగు షాపు తెరువరు. "మంగళారం పూట పిల్లోడికి కత్తెర తగలనిస్తావా?" అని జేజి కసరగా ఆజ్ఞ ఒకరోజు వాయిదా పడినది.

విశేషాలు: వ్యాఖ్యాత దృష్టి ఇక్కడ గోడమీది పటంపై పడును. పుట్టెంటికలు తీయించకముందు ఈ పిల్లవాడే స్టూడియోలో దిగినది. పట్టు పావడా, పూలజడ, కాటుక, దిష్టిచుక్క. పక్కన చేయి పట్టుకొని నిలిచినది ఈ నాయనే, ఒళ్లంతా నవ్వు. ఆ జుట్టు తిరుమల వెంకన్నది గనుక ఎవరి కంటా నలక పడలేదు. మొక్కు జుట్టుకు మినహాయింపు, మోజు జుట్టుకే శిక్ష. వేషమునకును ఇట్టి మినహాయింపులు కలవు: ఆదోని దగ్గర సంతేకూడ్లూరులో హోళీకి మగవారే చీర కట్టి, నగలు పెట్టి రతీమన్మథులను కొలుతురు. తిరుపతి గంగమ్మ జాతరలో మీసాలున్నవారే జడ వేసికొందురు. స్త్రీ పాత్రలతోనే పేరుపొందిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చినది. వేషభాషలతో తన లింగభావమును తెలుపుకొనుట రాజ్యాంగము 19వ అధికరణపు హక్కేనని 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పినది. తీర్పు వెలువడినది గాని, అరుగుమీది 'నలుగురి'కి ప్రతి అందలేదు.

పాఠాంతరం: అక్క విషయమున "మగరాయుడి మాదిరి" అని పాఠము. కళ్యాణకట్టలో ఆమె గుండు చేయించుకున్ననాడు ఊరంతా మెచ్చినది. భుజాలదాకా కత్తిరించుకున్ననాడు మూడు దినములు ఇంట్లో మాటల్లేవు.

ఉత్తరకథ: బుధవారము నాయనే బండిమీద ఎక్కించుకొని పోయెను. పిల్లవాడు పక్కలు కొట్టించి, నడినెత్తిన మాత్రము ఒక కుచ్చు కాపాడుకొనెను. నాయన చూడలేదు. ఆ సమయమున ఆయన పక్క కుర్చీలో కూర్చొని, "నాకు రంగెయ్యబ్బీ, మీసానికి గూడ పట్టియ్యి" అని చెప్పుచుండెను.