గుడారంలో ఉడుకు కాపురం

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, అంతర్వేది ఇసుక మీద, గాలి చొరని నైలాన్ గుడారంలో మొగుడూ పెళ్లాం ఓ రాత్రీ పగలూ గడిపి రావడమే ఈ ఏటి ప్రేమకి గీటురాయట. ఆ రీళ్లు మీరూ చూసే ఉంటారు. ఆవిడ నీలం చీర, ఆయన నల్ల కళ్లజోడు, వెనకాల కెరటాలు, గుడారం చుట్టూ చిట్టి చిట్టి దీపాలు. చెమట చుక్క మాత్రం ఎక్కడా కనపడదు. గోదావరి జిల్లాల్లో మే నెలలో చెమట పట్టని మనిషిని నేను ఫ్రీజర్ బాక్సులో తప్ప ఇంకెక్కడా చూడలేదు.

మా ఆయనా అడిగారు, "మనమూ వెళ్దామా" అని. "ముందు మీరు వెళ్లిరండి, నేనిక్కడ ఫ్యాను కింద పడుకుని మీకోసం బెంగ పెట్టుకుంటాను" అన్నాను. ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు.

అసలీ నైలాన్ గుడారం సంగతేమిటి? చలి దేశాల్లో, కొండల మీద, గాలీ వానా లోపలికి రాకుండా ఆపడానికి పనికొచ్చే వస్తువు. దాన్ని తెచ్చి మన ఇసుకలో పాతారు. మేలో మనకి ఐదున్నరకల్లా పొద్దు పొడుస్తుంది. అదీ అడ్డం ఏమీ లేకుండా, తిన్నగా గుడారం ముఖం మీదికి. ఏడింటికి లోపలున్న ఇద్దరూ రెండో వాయి ఇడ్లీలు. జిప్పు తీస్తే దోమలు, వేస్తే ఆవిరి. మన పెద్దవాళ్లకి ఇంగ్లీషు రాకపోయినా ఎండ సంగతి తెలుసు. మండువా లోగిలి నడిమిన ఆకాశానికి తెరిచే ఉంచారు, వేడి పైకి పోవాలని. మేడ మీద నవారు మంచం వేశారు, అడుగునుంచి కూడా గాలి ఆడాలని. దోమతెర కట్టారు, దోమ ఆగాలి గానీ గాలి ఆగకూడదని. తాటాకు పందిరి నీడనీ ఇస్తుంది, గాలినీ పోనిస్తుంది. ఇవన్నీ మోటువి. నైలాన్ సంచీలో దూరి జిప్పు వేసుకోవడం నాగరికత.

ఇంతకంటే ఘనకార్యం ఇంకోటుంది. కొందరు గుడారంలో కూలర్ పెడుతున్నారు! నీళ్లు ఆవిరైతేనే కూలర్ చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉండే అనంతపురంలో అది పనిచేస్తుంది. ఒంటిమీద చెమటే ఆరని సముద్రపు ఒడ్డున, అదీ మూసిన గుడారంలో, కూలర్ చేసేది ఒకటే పని: ఉన్న తేమకి ఇంకాస్త తేమ కలపడం. ముక్కు దిబ్బడేస్తే పట్టే ఆవిరికి మనం డబ్బివ్వక్కర్లేదు, పసుపు చాలు. అయినా ప్రకటనలో దాన్ని "ప్రత్యేక సదుపాయం" అంటున్నారు. మరుగుదొడ్డి సంగతి అడిగితే మాత్రం సరుగుడు తోట వైపు చెయ్యి చూపిస్తారు. ఆ చూపించే వాడెప్పుడూ మగవాడే.

"సముద్రపు గాలి ఉంటుందిగా" అంటారు. ఉంటుంది, రానిస్తే. పడమటి నుంచి వడగాడ్పు తోసుకొచ్చిన రోజున సముద్రపు గాలి ఒడ్డెక్కలేదు. అలాంటి రోజుల్లోనే కోస్తా మాడిపోతుంది. మైదానంలో 40 డిగ్రీలు చేరాక వడగాలుల లెక్క మొదలెట్టే వాతావరణ శాఖ, తీరానికి 37నే గీతగా పెట్టుకుంది. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు. ఎక్కువమంది ఎండలో పనికి పోక తప్పనివాళ్లు. మీకు ఆ ఖర్మేం పట్టింది? డబ్బిచ్చి మరీ ఎండలో కూచుంటారెందుకు?

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మర పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవాలి కాబట్టి అది సబబే. ఆ రోజులకి మత్స్యకారులకిచ్చే భృతిని 2025లో ప్రభుత్వం 20 వేలకి పెంచింది. రోజుకి లెక్కేస్తే 330 కూడా రాదు, దాంతోనే ఇల్లంతా గడవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఒడ్డుకి లాగి పెట్టిన ఆ పడవెక్కి మీరు కాళ్లూపుకుంటూ ఫొటో దిగుతారు. ఆ పడవ గలాయన పక్కనే పందిరి కింద చిరిగిన వలకి ముడులేసుకుంటూ ఉంటాడు. ఆయన మీ ఫొటోలో పడకూడదు, పక్కకి జరగమంటారు. ఆయన ఊళ్లో, ఆయన పడవ దగ్గర! పక్కా ఇంటికి అర్జీలు పెట్టుకుంటూ పాకలో ఉడికేవాళ్లు వాళ్లు. ఏసీ గదికి తాళం వేసొచ్చి ఉడికేవాళ్లు మీరు. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లకిళ్లే మింగింది. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమలో కప్పు ఎగిరిపోయి టార్పాలిన్ కింద పిల్లల్ని పడుకోబెట్టుకున్న తల్లులున్నారు. ఆ రాత్రుల్ని తియ్యగా తలుచుకున్నవాళ్లని నేను చూడలేదు.

తాబేళ్ల సంగతి ఒక్క ముక్క. సఖినేటిపల్లి తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీల పిల్లలు వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. మీ చిట్టి దీపాలు వాటికి సముద్రంలా కనపడతాయి.

ఇక వంట. ఇద్దరే వెళ్లారు కాబట్టి పని పంచుకున్నారట: ఆవిడ పొయ్యి రాజేస్తుంది, ఆయన డ్రోన్ ఎగరేస్తాడు. గాలికి మంట నిలవక, ఇసుక పడిన పులసపులుసు కాని పులుసు ఆవిడ కలుపుతుంటే, పైనుంచి ఆయన తీసిన దృశ్యానికి సన్నాయి తగిలించి వదులుతారు.

పదకొండింటిదాకా ఉండొచ్చని ప్రకటనలో ఉదారంగా రాస్తున్నారు. ఉండమనండి చూద్దాం. ఎనిమిది కొట్టకుండానే సఖినేటిపల్లి రేవులో నర్సాపురం పంటు కోసం ఎదురుచూస్తుంటారు ఆ జంటలు, వీపులు కమిలి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా. ఆ సాయంత్రమే లాడ్జీలో ఏసీ పద్దెనిమిదికి తిప్పి, దుప్పటి కప్పుకుని రీలు పెడతారు: "మళ్లీ ఎప్పుడో!"