ఏకగ్రీవం

మౌలాలిలో మా కాలనీ సంక్షేమ సంఘానికి మినిట్స్ పుస్తకం రాసే పని నాది. దస్తూరి బాగుంటుందని నాకు అంటగట్టారు. మామూలుగా అందులో నల్లా నీళ్లు, వీధి దీపాలు, వాచ్‌మన్ జీతం తప్ప మరేమీ ఉండవు. ఆగస్టు మూడో ఆదివారం నాటి పేజీలు మాత్రం వేరు. ఆ రోజు ఎజెండాలో మొదటి అంశం, ప్రసంగం.

వక్త మా అధ్యక్షులవారి వియ్యంకుడు. న్యూజెర్సీలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. జాజ్ సంగీతమంటే ప్రాణం. ఆగస్టు 20న మిల్ఫర్డ్ గ్రేవ్స్ అనే డ్రమ్మరు పుట్టినరోజని, ఆయన గురించి నాలుగు మాటలు చెబుతానని అన్నారట. మా అధ్యక్షుడు రైల్వే అకౌంట్స్‌లో పెద్ద హోదాలో పనిచేసిన మనిషి. ఎవరి బిల్లయినా వెనక్కి కొట్టగలడు గానీ, కూతుర్నిచ్చిన ఇంటివారి మాట కొట్టెయ్యలేడు. కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వేయించారు, మిర్చీబజ్జీ చెప్పించారు. ఎంత ఉక్కపోస్తున్నా వెనక వైపు కిటికీలు మాత్రం మూయించారు.

వియ్యంకుడుగారు బాగా మాట్లాడారు. అది ఒప్పుకోవాలి.

గ్రేవ్స్ 1941లో న్యూయార్క్‌లో, క్వీన్స్ ప్రాంతంలోని జమైకా అనే పేటలో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. కుర్రతనంలో కాంగా డ్రమ్ములు పట్టి, నాట్యాలకు వాయించే లాటిన్ బ్యాండుల్లో పేరు తెచ్చుకున్నాడు. అందులోనే ఉంటే కడుపుకి లోటు లేదు. ఉండలేకపోయాడు. జనం అడుగులకు సరిపడా ఒకే దరువు గంటల తరబడి కొట్టడం అతనివల్ల కాలేదు. 1964లో న్యూయార్క్ ఆర్ట్ క్వార్టెట్‌లో చేరాడు. అక్కడ డ్రమ్మరు తాళం పట్టుకుని మిగతావాళ్లను నడిపించాల్సిన పనిలేదు. డ్రమ్ము కూడా సాక్సఫోన్‌తో సమానంగా మాట్లాడొచ్చు, వాదించొచ్చు. తబలా కూడా కొంత నేర్చాడు. డ్రమ్ముల కింది తోళ్లు పీకేశాడు. గరగరలాడే స్నేర్ డ్రమ్మును పక్కన పడేశాడు. ‘ఇదేం వాయించడం’ అన్నవాళ్లు చాలామంది. కానీ 1967లో జాజ్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్ పోయినప్పుడు చర్చిలో ఆల్బర్ట్ ఐలర్ బృందం వాయించింది. ఆ బృందంలో డ్రమ్ముల ముందు కూర్చున్నది గ్రేవ్సే.

“అసలు సంగతి ఇప్పుడొస్తుంది” అన్నారు వియ్యంకుడుగారు, మంచినీళ్లు తాగి. “ఇతగాడికి వైద్యవిద్యార్థుల కోసం తయారుచేసిన గుండె చప్పుళ్ల రికార్డు ఒకటి దొరికింది. విన్నాడు. ఇది డ్రమ్మింగే కదా అనుకున్నాడు. అప్పట్నుంచి ఇంటికొచ్చినవాళ్ల గుండెలు వినడమే పని.”

ఇంటి అడుగున ఉన్న గదిలో డ్రమ్ముల పక్కనే స్టెతస్కోపులూ కంప్యూటర్లూ పెట్టుకున్నాడట. మనిషి గుండె గడియారంలా కొట్టదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగం పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. అది జబ్బు కాదు, ఆరోగ్యం. మరి సంగీతం మాత్రం గడియారంలా ఎందుకు కొట్టాలి? ఇదీ గ్రేవ్స్ అడిగిన ప్రశ్న. అడిగి ఊరుకోకుండా యాభై ఏళ్లు వాయించి చూపించాడు. ఇంటి గోడలకు రంగురాళ్లు, పారేసిన పాలరాతి ముక్కలు అతికించాడు. పెరడంతా మందుమొక్కలు పెంచాడు. మిడతలా కనిపించే గొల్లభామ పురుగు కదలికలు చూసి సొంతంగా ఒక యుద్ధవిద్య కల్పించాడు. 1973 నుంచి 2012 దాకా బెనింగ్టన్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. 2000లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది.

“2018లో డాక్టర్లు చెప్పారు, గుండె కండరం బిరుసెక్కిపోయే జబ్బని. ఆర్నెల్లకు మించి బతకడం కష్టమన్నారు. అందరి గుండెలూ విన్నవాడు, చివరికి తన గుండెనే వింటూ కూర్చున్నాడు. 2021 ఫిబ్రవరి 12న పోయాడు. అంటే వాళ్లిచ్చిన గడువు మీద రెండేళ్లు ఎక్కువ బతికాడన్నమాట.”

హాల్లో చడీచప్పుడు లేదు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తమ నాడి పట్టుకు చూసుకోవడం నేను గమనించాను.

వియ్యంకుడుగారు అంతటితో ఆపలేదు. ఆఫ్రికా డ్రమ్ము అమెరికాకే కాదు, హైదరాబాదుకూ వచ్చిందన్నారు. వనపర్తి సంస్థానం నుంచి నిజాముకు దక్కిన ఆఫ్రికా అశ్వదళం కాపురమున్న చోటే ఇవాళ్టి ఏసీ గార్డ్స్. ఆ సిద్దీలు, అరబ్బులు వాయించిన మర్ఫాయే పెళ్లి బరాతుల్లో, బోనాల్లో మనవాళ్లు ఎగిరే తీన్మార్‌కు మూలం. “గ్రేవ్స్‌కు దాయాదులు మీ ఊళ్లోనే ఉన్నారండీ. మీరు చూడటం లేదంతే!” అన్నారు వేలు చూపిస్తూ.

చప్పట్లు మారుమోగాయి. అధ్యక్షుడు మైకు అందుకున్నారు. ఆయన గొంతు నిజంగానే పూడుకుపోయింది.

“బావగారు మన కళ్లు తెరిపించారు. మన కొండ కిందే మహలఖా బాయి చందా సమాధి ఉంది. 1824లో పోయిన మహా కవయిత్రి. రోజూ ఆ దారినే పోయేవాళ్లం, ఎవరైనా తొంగిచూశామా? చివరికి అమెరికా ప్రభుత్వం డబ్బిస్తే బాగుపడింది. మన గొప్పవాళ్లను మనం గుర్తించడానికి ఎప్పుడూ అమెరికా నుంచి ఎవరో ఒకరు రావలసిందేనా? ఇకమీదట అలా జరక్కూడదు.”

అప్పటికప్పుడు తీర్మానం రాయించారు. నా దస్తూరిలోనే ఉంది:

తీర్మానం 1. తాళవాద్యంలో కొత్త పుంతలు తొక్కే స్థానిక కళాకారుడికి ఏటా ‘మిల్ఫర్డ్ గ్రేవ్స్ పురస్కారం’ కింద 5,116 రూపాయలు, శాలువా ఇవ్వాలి. తగిన వ్యక్తిని నెల రోజుల్లో గుర్తించాలి. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

టీ అయింది. బజ్జీలు అయిపోయాయి. ఎజెండాలో రెండో అంశం, వెనక వీధివాళ్లు పద్దెనిమిది సంతకాలతో ఇచ్చిన ఫిర్యాదు. కార్యదర్శి చదివారు, నేను ఎక్కించుకున్నాను:

“గౌరవనీయులైన అధ్యక్షులవారికి. మా వీధి చివర రేకుల ఇంట్లో అద్దెకుంటున్న యువకుడి వల్ల మేము పడుతున్న బాధలు మనవి చేసుకుంటున్నాము.

ఒకటి. ఇతడు మొన్నటిదాకా పెళ్లి బ్యాండులో తీన్మార్ వాయించేవాడు. వాయిస్తూ వాయిస్తూ దరువు తప్పిస్తున్నాడని, బరాతులో ఎగిరేవాళ్లకు అడుగులు పడటం లేదని బ్యాండువాళ్లే తీసేశారు. పని లేదు.

రెండు. పొద్దస్తమానం ఇంట్లో డ్రమ్ములు కొడతాడు. తాళం లేదు, లయ లేదు. పాట వాయించినా ఓర్చుకునేవాళ్లము.

మూడు. మంచి డ్రమ్ములకు కింది తోలు కోసిపారేశాడు. మతిస్థిమితం మీద అనుమానముంది.

నాలుగు. వచ్చేపోయేవారిని పిలిచి, గుండె మీద ఫోను పెట్టి చప్పుడు రికార్డు చేసుకుంటున్నాడు. బాణామతి ఏమోనని ఆడవాళ్లు భయపడుతున్నారు.

ఐదు. గోడలకు పగిలిన టైల్స్ ముక్కలు, గులకరాళ్లు అతికించి ఇంటి అందం చెడగొట్టాడు. పెరట్లో పేరు తెలియని మొక్కలు పెంచుతున్నాడు. గంజాయి కూడా కావచ్చు.

ఇతని గోల వల్ల కమ్యూనిటీ హాల్లో ఏ సభ జరిగినా వెనక కిటికీలు మూసుకోవలసి వస్తున్నది. కావున తమరు దయతో తగిన చర్య తీసుకోగలరు.”

“ఇవాళ కూడా మూశాం కదా, చెమటకు స్నానం చేసినట్టయింది” అన్నారు కోశాధికారి, కండువాతో మెడ తుడుచుకుంటూ.

“ఇంటి ఓనరు మనవాడే. చెబితే ఖాళీ చేయిస్తాడు” అన్నారు కార్యదర్శి.

అధ్యక్షుడు ఏం మాట్లాడలేదు. ఆయన కళ్లు, స్లైడ్ల పెట్టె సర్దుకుంటున్న వియ్యంకుడి వైపు తిరిగాయి.

“బావగారూ, ఇలాంటివి మీకు బాగా తెలుసు. మీరేమంటారు?”

వియ్యంకుడుగారు జిప్పు లాగి, ఒక్క క్షణం ఆలోచించారు.

“మా దగ్గరైతే అసలు ఊరుకోరండీ. ఒక్క ఫోను కొడితే చాలు, పోలీసులు ఇంటి ముందుంటారు” అన్నారు.

తీర్మానం 2. సదరు అద్దెదారుని పదిహేను రోజుల్లో ఖాళీ చేయించాలి. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

ఆ తర్వాతి పేజీ సెప్టెంబరు సమావేశానిది. అప్పటికి రేకుల ఇంటికి టులెట్ బోర్డు పెట్టారు. గోడలకు సున్నం కొట్టించారు. అధ్యక్షులవారు చెప్పింది చెప్పినట్టు నేను రాసుకున్నది ఇదీ:

“పురస్కారం విషయమై కమిటీ నెల రోజులు విచారించినది. మౌలాలి పరిసరాల్లో తగిన కళాకారుడు ఎవరూ లేరని నిర్ధారించుకున్నది. కావున సదరు 5,116 రూపాయలు వినాయక నిమజ్జనం డీజేకు అడ్వాన్సుగా చెల్లించుటకు తీర్మానించడమైనది. ఏకగ్రీవం.”