రంగు చాలు, ఇక దిమ్మెలు పోయించండి

మహారాజశ్రీ నగర రోడ్ల పెద్దల దివ్యసముఖానికి,

మీ ఏలుబడిలో సైకిలు తొక్కుకుంటున్న ఒక పౌరుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, ఇవతలి వైపు కుశలానికి నేను పూచీ పడలేను.

తమరు దయతో మా మెయిన్ రోడ్డు అంచున ఆకుపచ్చ రంగు పూయించి, తెల్లటి సైకిలు బొమ్మలు గీయించి, పక్కన ప్లాస్టిక్ కంబాలు పాతించారు. మొన్న సాయంత్రం ఆ రంగు మీదే వస్తున్నాను. బిర్యానీ హోటల్ ముందు వాలే పార్కింగ్ కుర్రాడు ఈల ఊది, చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "అంకుల్, ఇది పార్కింగు. మీరు రోడ్డు మీద పోవాలె" అన్నాడు. వాడు నిలబడ్డదే మీ సైకిలు బొమ్మ మీద. ముందు చక్రం వాడి బూట్ల కింద ఉంది, హ్యాండిల్ మీద ఒక ఎస్‌యూవీ టైరు ఎక్కి ఉంది. పొమ్మన్న రోడ్డు మీదేమో సిటీ బస్సు, దాన్ని తోసుకుంటూ వాటర్ ట్యాంకరు.

వాడి మీద నాకు కోపం లేదు. వాడిది పొట్టకూటి ఉద్యోగం. మరి మీది?

కంబాలు నెల తిరక్కుండా విరిగిపోయాయి. కింద బోల్టులు మాత్రం అంగుళం మేర పైకి పొడుచుకుని మిగిలాయి. కార్లు వాటిని లెక్కచెయ్యవు. అవి చీల్చేది సైకిలు టైర్లనే. అంటే సైకిళ్ళను కాపాడ్డానికి మీరు పెట్టిన రక్షణ ఇప్పుడు సైకిళ్ళను ఆపడానికి పనికొస్తోంది. ఫొటో తీసి ఫిర్యాదు పెట్టాను. "మీ సమస్య పరిష్కరించబడినది" అని మర్నాడే ఎస్సెమ్మెస్ వచ్చింది. ఎవరి సమస్యండీ? ఆ హోటలు వాళ్ళదా?

హైదరాబాదుకు సైకిలు అంటే గిట్టదని నేను అనను. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాకు తెరిచారు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. పైన సోలార్ కప్పు, దానిమీద 16 మెగావాట్ల కరెంటు. బాగుంది, నిజంగానే బాగుంది. ఆదివారం పొద్దున్నే కారు వెనక సైకిలు కట్టుకుని వచ్చేవాళ్ళకు అది స్వర్గం. బేగంబజార్‌లో సరుకు మోసే మనిషి కొల్లూరు వెళ్ళి ఏం తొక్కుతాడు?

రద్దీ రోడ్ల మీద లేన్ అనేసరికి మాత్రం అందరికీ లెక్కలు గుర్తొస్తాయి. "కార్లకే చోటు లేదు" అని ఒకరు, "బేరాలు పోతాయి" అని ఇంకొకరు. "అసలు సైకిలు తొక్కేదెవరు?" అని మీ మీటింగుల్లో మీరు. తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి బయటికి రండి సార్. నైట్ డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు, పాల ప్యాకెట్లు వేసేవాళ్ళు, పేపర్ కుర్రాళ్ళు కనిపిస్తారు. వాళ్ళ ప్రాణాలకు వెనక మడ్‌గార్డు మీద అంటించిన రేడియం స్టిక్కరే దిక్కు. వాళ్ళు ట్వీట్లు పెట్టరు కాబట్టి మీ లెక్కలోకి రారు.

ఒకప్పుడు మున్సిపాలిటీకి పన్ను కట్టి సైకిలుకు బిళ్ళ తగిలించుకున్నవాళ్ళం. రాత్రిపూట లైటు లేకపోతే పోలీసు ఆపేవాడు. అదో వేధింపే. కానీ సైకిలు కూడా ఒక బండేనని సర్కారుకు అప్పుడు గుర్తుండేది.

రోడ్లు కదిలించాల్సింది మనుషులను, వాహనాలను కాదని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. అది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, ఢిల్లీ రాసుకున్నదే. 2020లో కరోనా కాలంలో రోడ్లను సైకిళ్ళకు అనువుగా మార్చమని కేంద్రం నగరాలకు పోటీ కూడా పెట్టింది. కోన్లు పేర్చారు, రంగులు పూశారు, ఫొటోలు దిగారు. తర్వాత ఆ కోన్లు ఏమయ్యాయో మీకే ఎరుక.

పనిలో పనిగా ఇంకోటి. వాననీటి కాలవల మీద వేసిన జాలీలకు కడ్డీలు రోడ్డు పొడవునే ఎందుకు పెట్టిస్తారు? సైకిలు టైరు సరిగ్గా పట్టేటంత సందు! అడ్డంగా తిప్పి పెడితే పైసా ఖర్చు లేదు. ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ గురించి మళ్ళీ రాస్తాను, ఇప్పుడు ఓపిక లేదు.

సార్, వెటకారం ఇంక చాలు. దండం పెట్టి అడుగుతున్నాను. రంగు వద్దు, బొమ్మ వద్దు, రిబ్బన్ కటింగ్ అసలే వద్దు. కారు టైరు ఎక్కలేనంత ఎత్తున సిమెంటు దిమ్మె పోయించండి. టెండరు ఆలస్యమైతే, ఫ్లైఓవర్ పనులయ్యాక రోడ్ల పక్కన పడేసిన కాంక్రీటు దిమ్మెలు బోలెడున్నాయి. ఆ హోటలు ముందు నుంచి హైస్కూలు గేటు దాకా వాటినే వరసగా పేర్పించండి. జూన్‌లో బళ్ళు తెరుస్తారు. మా వీధి పిల్లలు అప్పుడే సైకిళ్ళకు కొత్త ట్యూబులు వేయించుకుంటున్నారు. ఆలోపే చేయించండి.

ఇట్లు,
తమ రోడ్డు మీద ఎడమ అంచున వెళ్ళే ఒకడు