హారంలో నేను

నా మీదికి ఎక్కే ముందు మనిషి చేసే మొదటి పని బూట్లు విప్పడం. రెండోది ఊపిరి బిగబట్టడం. బూట్లు విప్పితే కాస్త తగ్గుతుంది, నిజమే. ఊపిరి బిగబడితే ఏమీ తగ్గదు. ఆ మాట చెబుదామంటే నాకు నోరు లేదు. కడ్డీ మీద అటూ ఇటూ జరిపే రెండు గుండ్లు, నిలబడడానికి ఒక పలక, అంతే నా ఒళ్లు.

అమెరికాలో ఓ యూనివర్సిటీ. పేరెందుకు లెండి. అమ్మాయిల క్రాస్‌కంట్రీ జట్టు బట్టలు మార్చుకునే గది బయట, నడవాలో నన్ను నిలబెట్టారు. వచ్చేపోయేవాళ్లందరికీ నా అంకె కనిపించేది. తెలుగు ఎలా వచ్చిందంటారా? ఎమ్మెస్ చదువుతూ, వారానికి 20 గంటలు క్యాంపస్‌లో పనిచేసుకునే కుర్రాడొకడు రాత్రిళ్లు ఇక్కడ తువాళ్లు మడతపెట్టేవాడు, ఐసు తొట్లు కడిగేవాడు. చెవిలో ఎప్పుడూ ఫోను, అవతల గుంటూరు నుంచి వాళ్లమ్మ. "ఏం తిన్నావురా? వీడియోలో చూస్తే చిక్కిపోయావేంట్రా?" అని రోజూ ఆవిడ దిగులు. అదే నడవాలో, అదే రోజు మధ్యాహ్నం, చిక్కిన పిల్లని కోచ్ భుజం తట్టి శభాష్ అని వెళ్లేవాడు.

పరుగుల లోకంలోకి నన్ను లాక్కొచ్చింది ఒక భిన్నం. మనిషి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలడో కొలిచి, దాన్ని ఆ మనిషి బరువుతో భాగిస్తారు. వీఓటూ మ్యాక్స్ అంటారు. లవంలో గుండె, ఊపిరితిత్తులు, నెత్తురు, ఏళ్లతరబడి చేసిన సాధన. హారంలో నేను. లవాన్ని పెంచాలంటే ఏళ్లు పడుతుంది. హారాన్ని తగ్గించడానికి నాలుగు వారాలు రాత్రి భోజనం మానేస్తే చాలు. తొందరలో ఉన్నవాడి కన్ను ఎటు పడుతుందో చెప్పక్కర్లేదు కదా.

కోచ్ తొందరలోనే ఉండేవాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో దేశాన్ని తొమ్మిది రీజియన్లుగా విడగొట్టారు. ఒక్కో రీజియన్ నుంచి మొదటి రెండు జట్లు నేరుగా జాతీయ పోటీకి వెళ్తాయి. ఇంకో 13 జట్లను సీజన్‌లో ఎవరెవరిని ఓడించారో చూసి ఎంపిక చేస్తారు. మొత్తం 31. అందులో ఉన్నామా లేదా అన్నదే పైనున్న అథ్లెటిక్ డైరెక్టర్ ఏడాదికోసారి అడిగే ప్రశ్న. ఫుట్‌బాల్‌కి టిక్కెట్లు అమ్ముడవుతాయి. పొలం గట్ల మీద పరిగెత్తే అమ్మాయిల్ని చూడడానికి టిక్కెట్టు కొనేదెవరు? అప్పటి నిబంధన ప్రకారం అమ్మాయిల క్రాస్‌కంట్రీకీ, ట్రాక్ అండ్ ఫీల్డ్‌కీ కలిపి 18 స్కాలర్‌షిప్పులు. వాటినే స్ప్రింటర్లకి, లాంగ్‌జంప్ వాళ్లకి, గుండు విసిరేవాళ్లకి ముక్కలుగా పంచాలి. కాంట్రాక్టు చూస్తే ఏటికేడు. ఆ బరువంతా ఆయన మీద ఉండేది. ఆయన్ని ఎవరూ నా మీద నిలబెట్టలేదు.

ఆ అమ్మాయి మొదటి ఏడాదిలో వచ్చింది. హైస్కూల్లో వాళ్ల రాష్ట్రంలోనే మేటి. జాతీయ పోటీలో మొదటి 40 మందిలో నిలిస్తే ఆల్ అమెరికన్ అన్న గౌరవం దక్కుతుంది. ఆమె షూ లాకర్ తలుపు లోపలివైపు 40 అని రాసుకుంది. నా అంకె మాత్రం నేను చెప్పను. ఆ పిల్లవి చాలా అంకెలు నడవా అంతటికీ తెలిశాయి, ఇంక చాలు.

మొదటి సీజన్‌లో ఆమె తగ్గింది, టైమింగూ తగ్గింది. ఇదే దీనిలో అసలు మోసం. మొదట్లో పనిచేస్తుంది. 6 కిలోమీటర్ల పరుగులో ఒక్కో పోటీకీ మెరుగుపడుతుంటే ఎవరు కాదంటారు? కోచ్ ముఖం వెలిగింది, ఆమె ముఖం కాస్త పీక్కుపోయింది. తిన్నది పరుగుకే సరిపోతే, ఒళ్లు మిగతా ఖర్చులు కోసేస్తుంది. ముందుగా నెలసరి ఆగుతుంది. ఈస్ట్రోజన్ పడిపోతుంది. దానితోపాటు ఎముక పలచబడుతుంది, అదీ ఎముక గట్టిపడాల్సిన వయసులో. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లోనే దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి హెచ్చరించారు. ఆ కాగితం మా నడవా దాకా రావడానికి చాలాకాలం పట్టింది. రెండో ఏడాది సెప్టెంబరులో ఆమె చంకలో కర్రలతో వచ్చింది. కాలి ఎముకలో సన్నటి పగులు. అలవాటు కొద్దీ నా వైపు నడిచి, కర్రలతో ఎక్కడం కుదరక ఆగిపోయింది.

ఆ ఏడాది జట్టు రీజియన్ దాటలేదు. కోచ్ కాంట్రాక్టు పొడిగించలేదు. ఆయన పెట్టెలు సర్దుకుంటుంటే తెలుగు కుర్రాడే కారు దాకా మోశాడు.

కొత్త కోచ్ వచ్చిన వారంలోనే నన్ను నడవాలోంచి డాక్టరు గదిలోకి మార్పించింది. అవసరమైనప్పుడు డాక్టరు తూస్తారు, అంకె ఆ గది దాటదు. స్టాన్‌ఫర్డ్ తరఫున ఐదుసార్లు ఎన్‌సీఏఏ విజేతైన లారెన్ ఫ్లెష్‌మన్ 2023లో రాసిన పుస్తకం ఆవిడ చేతిలో ఉండేది. అందులోని సంగతే ఇది: కాలేజీ వయసులో అబ్బాయిల ఒళ్లు పరుగుకి కలిసొస్తుంది. అమ్మాయిల ఒళ్లు మారుతూ ఉంటుంది, టైమింగు కొన్నాళ్లు అక్కడే ఆగిపోవచ్చు, ఆ తర్వాత మళ్లీ కదులుతుంది. ఇది పిల్లల తల్లిదండ్రులకి కూడా కొత్త కోచ్ విడమరిచి చెప్పేది. డైరెక్టరు ఆవిడనీ అదే ప్రశ్న అడిగేవాడనుకోండి.

ఒకరోజు ఆ అమ్మాయి ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ రిపోర్టు కోసం వచ్చి కూర్చుంది.

"నలభైలో ఉండాలనుకున్నా కోచ్."

"తెలుసు. ఈ సీజన్‌లో ఉండవు," అందావిడ, ఏమాత్రం నాన్చకుండా. "ఇప్పుడు నువ్వు మన ఏడుగురిలో ఆరోదానివి. ఐదో స్థానానికి వస్తే చాలు."

వినేవాళ్లకి ఇది చిన్నచూపులా అనిపిస్తుంది. లెక్క తెలిస్తే కాదు. ఏడుగురు పరిగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలే కూడతారు, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లది గెలుపు. ముందు పరిగెత్తే అమ్మాయికి ఒకటో రెండో స్థానాలు అటూ ఇటూ అవుతాయి. ఐదో అమ్మాయి మూకలో ఉంటుంది. అక్కడ పది సెకన్లు వెనకబడితే ఇరవై మంది దాటిపోవచ్చు, ఇరవై పాయింట్లు పోవచ్చు. జట్టు తలరాత చాలాసార్లు ఆ ఐదో అమ్మాయి దగ్గరే తేలుతుంది.

నవంబరులో రీజియన్‌లో జట్టు మూడోది. జట్టులో ఆమె ఐదోది. మర్నాడు ఎంపికైన 13 జట్ల పేర్లు చదువుతుంటే డాక్టరు గదిలోకి కూడా అరుపులు వినిపించాయి. వారం తర్వాత జాతీయ పోటీలో ఆమె 150 దాటాకే వచ్చింది, అక్కడా జట్టులో ఐదోదే. లాకర్ తలుపు మీద 40 ఇంకా ఉందట. చెరిపెయ్యమని ఎవరూ అనలేదు, ఆమెకింకో ఏడాది ఉంది.

డిసెంబరులో తెలుగు కుర్రాడు ఇండియా టిక్కెట్టు కొన్నాడు. డాక్టరుని అడిగి, సూట్‌కేసు ఎత్తుకుని నా మీదికెక్కాడు, దించి మళ్లీ ఎక్కాడు, తీసివేత చేసుకున్నాడు. ఎయిర్‌లైన్స్ వాళ్లిచ్చేది 23 కిలోలు, ఇక్కడేమో నాలుగు ఎక్కువ. చాక్లెట్ డబ్బాలు తీసి బల్లమీద పెట్టాడు. ఐసు కోసం వచ్చిన ఆ అమ్మాయి ఒకటి విప్పి, నా పలక అంచు మీదే కూర్చుని తింది. గుండ్లు ఎవరూ జరపలేదు.