చిల్లర బాకీ

చిల్లర సమస్య ఎట్టకేలకు తీరిపోయింది. చిల్లర ఇవ్వాల్సినవాడినే లేకుండా చేశారు.

సిటీ బస్సులో కండక్టరు మన బాకీని టికెట్టు వెనక రాసిచ్చేవాడు. 'ఎనిమిది' అని గీకి, చుట్టూ సున్నా చుట్టేవాడు. ప్రామిసరీ నోటుకైనా అంత విలువ ఉండదు. దిగే స్టాపు వచ్చేదాకా ధ్యాసంతా దాని మీదే. ఒక్కోసారి ఇద్దరికి కలిపి ఒకే నోటు చేతిలో పెట్టి 'పంచుకోండి' అనేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లు బస్సు దిగి, ఆ నోటు మార్చడానికి కలిసి టీ కొట్టు వెతుక్కునేవాళ్లు.

మెట్రోలో ఆ తిప్పలు లేవు. కార్డు ఆనిస్తే గేటు తెరుచుకుంటుంది. కార్డులో బ్యాటరీ ఉండదు, సన్నటి తీగచుట్ట ఉంటుంది. గేటు దగ్గరికి రాగానే యంత్రం దానికి కాస్త కరెంటు అరువిస్తుంది. చిప్పు లేచి, లెక్క చెప్పి, మళ్లీ పడుకుంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో మనకి అరువిచ్చేది ఆ యంత్రం ఒక్కటే. మిగతా అప్పంతా మనమే ఇస్తాం.

ఎలాగంటారా? హైదరాబాద్ మెట్రో 2025 మేలో ఛార్జీలు పెంచి, మళ్లీ కాస్త తగ్గించి, కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలుగా తేల్చింది. రోజూ పదకొండుకీ అరవై తొమ్మిదికీ సరిపడా చిల్లర జేబులో వేసుకు తిరిగే మనిషి ఇంకా పుట్టలేదు. కార్డో ఫోనో పట్టుకోక తప్పదు. కార్డులో అయిదొందలు వేస్తాం. ఎంత లెక్కగా తిరిగినా అడుగున ఏడో ఎనిమిదో మిగులుతుంది. అది ప్రయాణానికి చాలదు, వదులుకోడానికి మనసొప్పదు.

2019 మార్చిలో ప్రధాని అహ్మదాబాద్‌లో, ఊరికో కార్డు అక్కర్లేకుండా, 'ఒకే దేశం, ఒకే కార్డు' ప్రారంభించారు. సంతోషమే. కానీ కొత్తది వచ్చిందని పాతవి పారేస్తామా? వాటిలో ఎనిమిదేసి రూపాయలున్నాయి! అందుకే అన్నీ పర్సులోనే ఉంటాయి. పర్సు పళంగా ఆనిస్తే, ఏ కార్డుతో మాట్లాడాలో తేలక గేటు ఎర్రలైటు వేస్తుంది.

మొన్న ఒక స్టేషన్‌లో ఓ పెద్దాయన ఫోన్లో కార్డుకి డబ్బు కట్టి, ధీమాగా ఆనించారు. గేటు కదల్లేదు.

"డబ్బు కట్టారు సార్, కార్డులోకి ఇంకా దిగలేదు" అన్నాడు అక్కడి కుర్రాడు.

"మరి ఎక్కడుంది బాబూ?"

"దారిలో ఉంది సార్. అదిగో, ఆ మిషన్ దగ్గర ఆనిస్తే దిగుతుంది."

పెద్దాయన గేటు బయటే ఉన్నారు. ఆయన డబ్బు మాత్రం టికెట్టు లేకుండా ప్రయాణిస్తోంది. ప్రతి మనిషికీ గేటు బ్యాంకుని అడుగుతూ కూర్చుంటే క్యూ చేంతాడవుతుంది గనక, నిల్వ కార్డులోనే రాసిపెడతారట. సబబే. ఆ రాసే మిషన్ ఏ మూలనుందో కూడా కార్డు మీదే రాసుంటే బాగుండేది.

2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు కేవైసీ అక్కర్లేని ప్రయాణ కార్డులకు అనుమతిచ్చింది. 3,000 రూపాయల దాకా ఉంచుకోవచ్చు. గడువు లేదు. నగదుగా తీయడానికి లేదు, వాపసు లేదు, ఇంకొకరికి పంపడానికీ లేదు. అంటే ఆ డబ్బుకి చావూ లేదు, విడుదలా లేదు.

లండన్ భూగర్భ రైళ్లలో 2014 నుంచి మామూలు బ్యాంకు కార్డే ఆనిస్తున్నారు. ముందు తిరగనిచ్చి, రోజు మొత్తం లెక్క కూడి, పరిమితి దాటకుండా ఆ తర్వాత వసూలు చేస్తారు. అక్కడ రైలు సంస్థ ప్రయాణికుడిని నమ్మి అరువిస్తోంది. ఇక్కడ ప్రయాణికుడు వడ్డీ లేని అప్పు ముందే ఇచ్చి, ఎర్రలైటు ముందు దోషిలా నిలబడుతున్నాడు.

కిరాణా కొట్లో 'అప్పు రేపు' అని బోర్డు ఉంటుంది. అప్పిచ్చేవాళ్లం గనక మనమూ అలాంటిదొకటి మెడలో వేసుకుని గేటు దగ్గర నిలబడొచ్చు. కానీ వెనకవాళ్లు ఊరుకుంటేగా: "ముందు ఆనించండి మాస్టారూ, రైలొచ్చేసింది!"